వాన తగ్గాక చెప్పాల్సిన మాట

నిడదవోలులో శామియానాలు, కుర్చీలు అద్దెకిచ్చే దొరబాబు మంచివాడే గానీ, అతని నోట్లో నువ్వుగింజ నానేది కాదు. పందిరి వేయడానికి ఒక ఇంటికి వెళ్తే, ఆ ఇంటి గుట్టు సాయంత్రానికల్లా ఇంకో ఇంట్లో దింపి వచ్చేవాడు. అందులో చెడ్డ ఉద్దేశం ఉండేది కాదు. తను మాట్లాడుతుంటే నలుగురూ చేతిలో పని ఆపి వినడం అతనికి ఇష్టం, అంతే. "మన దొరబాబు ఉండగా పేపరు డబ్బులు దండగ" అని జనం నవ్వేవారు. వాళ్ళతో పాటు అతనూ నవ్వేవాడు.

దొరబాబుకు తాగుడు కూడా ఉండేది. మొదట్లో పందిరి విప్పాక ఒళ్ళునొప్పులని తాగేవాడు. తర్వాత పందిరి వేయకముందే తాగడం మొదలుపెట్టాడు. ఒక పెళ్ళిలో మత్తులో కట్టిన ముడి జారిపోయి, పందిరి ఒక పక్క కూలింది. పెళ్ళికూతురి మేనత్త చెయ్యి విరిగింది. మర్నాడు అతని భార్య అనసూయ అతన్ని ఆటో ఎక్కించి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది.

డాక్టరు పరీక్ష చేసి, "మందులిస్తాను. వణుకు తగ్గుతుంది, నిద్ర పడుతుంది" అన్నాడు. "కానీ మళ్ళీ తాగాలనిపించినప్పుడు మందుబిళ్ళ ఒక్కటే చాలదు. తాగి మానేసినవాళ్ళతో కూర్చోవాలి. మీ ఊళ్ళోనే ఆదివారం సాయంత్రాలు అలాంటివాళ్ళు మీటింగు పెట్టుకుంటారు. చర్చి వెనక చిన్నపిల్లల బడిలో. వెతుక్కుని వెళ్ళు."

వెతుక్కోవడం అనుకున్నంత తేలిక కాలేదు. అక్కడ బోర్డు ఉండదు. ఎవరినైనా అడగాలంటే సిగ్గు. మొదటి ఆదివారం దొరబాబు ఆ వీధి మొదటి దాకా వెళ్ళాడు. తెలిసినవాళ్ళు ఎదురయ్యేసరికి, అరటిపళ్ళ కోసం వచ్చినట్టు ఒక అత్తం కొనుక్కుని తిరిగొచ్చేశాడు. ఆ పై ఆదివారం బడి గేటు దాకా వెళ్ళి, లోపలికి అడుగు పడక, చెప్పు తెగినట్టు వంగి నిలబడ్డాడు.

అప్పుడొక సన్నటి మనిషి సైకిలు దిగాడు. అతని వేళ్ళకు వార్నిష్ మరకలున్నాయి.

"మీటింగుకేనాండి?" అని అడిగాడు.

"అబ్బే, కాదండి. ఊరికే ఇలా వచ్చాను."

"నేనూ మొదటిసారి ఊరికే వచ్చానండి" అని ఆ మనిషి నవ్వాడు. "రండి. లోపల టీ ఉంటుంది."

అతని పేరు సింహాద్రి. కాలిపోయిన కరెంటు మోటార్లకు కొత్తగా రాగితీగ చుట్టి ఇవ్వడం అతని పని. తాగుడు మానేసి ఆరేళ్ళయింది.

లోపల చిన్నపిల్లలు కూర్చునే పొట్టి బెంచీల మీద పెద్దపెద్ద మగవాళ్ళు మోకాళ్ళు గడ్డానికి ఆనేలా కూర్చుని ఉన్నారు. వాళ్ళకి పెద్ద ఇమ్మానుయేలు గారు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాడు. అందరూ ఆయన్ని గార్డుగారూ అనే పిలిచేవారు. ఆ గదిలో ఎవరూ ఎవరికీ నీతులు చెప్పలేదు. ఒక్కొక్కరే తన కథ తను చెప్పుకున్నారు. తక్కినవాళ్ళు విన్నారు. చివర్లో అందరూ లేచి నిలబడ్డాక గార్డుగారు అన్నాడు: "ఇక్కడ విన్నది ఇక్కడే వదిలేసి వెళ్దాం. మనల్ని నమ్మి చెప్పిన మాట ఈ గుమ్మం దాటకూడదు."

దొరబాబు అందరితో పాటు తలూపాడు.

ఆ రోజు నుంచి అతను ఒక్క ఆదివారం కూడా మానలేదు. తాగుడు నిజంగానే తగ్గి, ఆగింది. అందులో ఎక్కువ పుణ్యం సింహాద్రిదే. ఒక సాయంత్రం దొరబాబు బ్రాందీ షాపు ఎదురుగా నిలబడి, కాళ్ళు కదలక, సింహాద్రికి ఫోను చేశాడు. సింహాద్రి సగం చుట్టిన మోటారు అలాగే వదిలేసి సైకిలు మీద వచ్చాడు. ఒక్క ప్రశ్న వేయలేదు. చెయ్యి పట్టుకుని తన ఇంటికి తీసుకెళ్ళాడు.

సింహాద్రి భార్య తాయారు వేడివేడిగా చారన్నం, వంకాయ పచ్చడి వడ్డించింది. "ఇంకొంచెం వేసుకోండి అన్నయ్యగారూ, మొహమాటపడకండి" అంది. గోడ మీద గౌను వేసుకున్న ఒక చిన్నపిల్ల ఫొటో, దానికి దండ ఉన్నాయి. భోజనం మధ్యలో చినుకులు మొదలయ్యాయి. తాయారు గబగబా లేచి కిటికీ మూసేసింది.

"మా పావని పోయిన రోజూ ఇలాంటి వానేనండి" అంది. "ఒళ్ళు కాలిపోయే జ్వరం. చేతులూ కాళ్ళూ కొట్టుకుంటున్నాయి. ఆసుపత్రికి తీసుకెళ్దామని ఈయన ఆటో కోసం ఊరంతా తిరిగారు. ఆ వానకి ఒక్క ఆటో దొరకలేదు. ఈయన తిరిగొచ్చేసరికే అంతా అయిపోయింది. మనుషుల్ని తిట్టుకుని ఏం లాభం? ఆ వానే నా పిల్లని మింగేసింది."

సింహాద్రి తల ఎత్తలేదు. కలిపిన ముద్దనే మళ్ళీ మళ్ళీ కలుపుతూ ఉండిపోయాడు.

ఇక్కడ దొరబాబు గురించి ఒక సంగతి చెప్పాలి. మీటింగులో విన్న కథలు అతని కడుపులో నిలిచేవి కావు. ఒకసారి ఇంటికొచ్చి అనసూయతో, "మన మార్కెట్ వీధిలో ఒకాయన ఉన్నాడు చూడూ, ఆయన తాగినప్పుడు ఏం చేశాడో తెలుసా?" అని మొదలుపెట్టాడు.

అనసూయ చేత్తో ఆపేసింది. "నాకొద్దండి. ఆయన మీకు చెప్పుకున్నాడు, నాకు కాదు. రేపు మీరు చెప్పుకున్నది ఇంకొకాయన వాళ్ళావిడకి చెప్తే మీకెలా ఉంటుంది?"

"నీ దగ్గర కూడా దాపరికమేనా?" అని దొరబాబు నొచ్చుకున్నాడు. ఆమె మాటలోని హెచ్చరిక మాత్రం అతనికి అందలేదు.

ఆషాఢంలో ఒక ఆదివారం మీటింగు జరుగుతుండగా పెద్ద వాన పట్టింది. పైకప్పు రేకుల మీద చప్పుడుకి మాటలు వినిపించక అందరూ దగ్గరగా జరిగారు. సింహాద్రి వంతు వచ్చింది.

"నేనొక మాట ఇన్నాళ్ళూ చెప్పలేదండి" అన్నాడు. "నా కూతురు పోయిన రోజున ఆటో దొరికింది. వీధి చివరే దొరికింది. ఎక్కబోతూ, చేతులు వణుకుతున్నాయి కదా, ఒక్క గుక్క వేసుకుని వెళ్దామనుకున్నాను. ఆటోవాణ్ణి ఉండమని షాపులోకి వెళ్ళాను. ఒక్క గుక్కతో ఆగలేదండి. బయటికొచ్చి చూస్తే ఆటో లేదు. ఇంటికెళితే పిల్ల లేదు. వాన వల్ల ఆటో దొరకలేదని మా ఆవిడకి చెప్పాను. అది నమ్మింది. ఇప్పటికీ వానని తిడుతుంది. అది వానని తిట్టినప్పుడల్లా నన్నే తిడుతున్నట్టు ఉంటుందండి."

గార్డుగారు లేచి వెళ్ళి సింహాద్రి పక్కన కూర్చున్నాడు.

"ఆ మాట నీ భార్యకు నువ్వే చెప్పాలి సింహాద్రీ" అన్నాడు. "తొందర లేదు. గుండె కూడదీసుకో. కావాలంటే ఆ రోజున నేనూ వస్తాను."

"చెప్తానండి. ఈ వానలు తగ్గనివ్వండి. వాన పడుతుంటే దానికి అసలే ఆ రోజు గుర్తొచ్చి అన్నం సయించదు. దసరా వెళ్ళాక, ఆకాశం తెరిపిచ్చాక చెప్తాను. మీరూ రండి."

ఆ సాయంత్రం గార్డుగారు చివరి మాట ఎప్పటికంటే నెమ్మదిగా, ఒక్కొక్కరి మొహం చూస్తూ చెప్పాడు. దొరబాబు కళ్ళు తుడుచుకుంటూ తలూపాడు. ఆ కన్నీళ్ళు నిజమైనవే.

శ్రావణం వచ్చింది. పెళ్ళిళ్ళు మొదలయ్యాయి. ఒక పెళ్ళివారింట్లో పందిరి వేయడం పూర్తయ్యాక, దొరబాబు పెరట్లో వంటవాళ్ళ దగ్గర కూర్చున్నాడు. కూరగాయలు తరుగుతున్న ఆడవాళ్ళు, పొయ్యి రాజేస్తున్న వంటమేస్త్రి, ఇంకో నలుగురు అక్కడ ఉన్నారు. ఎవరో గ్లాసు అందించబోతే దొరబాబు వద్దన్నాడు.

"నువ్వు తాగుడు మానేశావంటే నమ్మలేకపోతున్నాను దొరబాబూ" అన్నాడు వంటమేస్త్రి. "ఎలా మానేశావు?"

దొరబాబు తన కథ చెప్పాడు. కూలిన పందిరి సంగతి ఊరందరికీ తెలిసిందే. వినేవాళ్ళు ఆవలించారు. ఒకామె లేచి నీళ్ళకి వెళ్ళబోయింది. దొరబాబుకి ప్రాణం చివుక్కుమంది.

"నాది ఒక కథా?" అన్నాడు గబుక్కున. "మా మీటింగులో ఒకాయన ఉన్నాడు. ఆయన కథ వింటే రాయి కూడా కరుగుతుంది."

లేచినామె కూర్చుంది. కత్తిపీటలు ఆగాయి. దొరబాబు చెప్పడం మొదలుపెట్టాడు. పేరు చెప్పనని ముందే అన్నాడు. జ్వరంతో కొట్టుకుంటున్న ఆడపిల్ల, వాన, ఎదురుగా నిలబడ్డ ఆటో, ఒక్క గుక్క. అన్నీ చెప్పాడు. ఇన్నేళ్ళూ భార్య నమ్మిన అబద్ధం సంగతీ చెప్పాడు. పొయ్యి మీద నూనె పొగలొస్తున్నా వంటమేస్త్రి చూసుకోలేదు.

"ఎవరయ్యా ఆ పాపాత్ముడు?" అన్నాడు.

"పేరు చెప్పకూడదండి. మోటార్లు చుట్టే చేతులు, పాపం" అన్నాడు దొరబాబు.

ఆ మాట నోటి నుంచి జారాక గానీ అతనికి తెలియలేదు. నిడదవోలులో మోటార్లు చుట్టేవాళ్ళు ఎంతమంది? వాళ్ళలో కూతుర్ని పోగొట్టుకున్నవాడు ఎవరు? వంకాయలు తరుగుతున్నవాళ్ళలో నూకాలు అనే ఆమె ఉంది. ఆమె తాయారుకి పెదనాన్న కూతురు. తరిగిన ముక్కలు నీళ్ళలో వేసి, చేతులు కడుక్కుని, కూలి కూడా అడగకుండా ఆమె పెరటి తలుపు తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం తాయారు భర్తను ఒకే మాట అడిగింది. "ఆటో దొరికిందా ఆ రోజు?"

సింహాద్రి అబద్ధమాడలేదు. "దొరికింది" అన్నాడు.

ఆమె గోడ మీది ఫొటో తీసి కొంగులో చుట్టుకుంది. వానలోనే బస్సెక్కి పుట్టింటికి వెళ్ళిపోయింది.

మర్నాడు సింహాద్రి దొరబాబు దుకాణానికి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు. అతని బట్టలు తడిసి ఒంటికి అంటుకుపోయి ఉన్నాయి.

"దొరబాబు గారూ, ఆ మాట బయటికి వెళ్ళిందండి. మీరు గానీ ఎక్కడైనా అన్నారాండి?"

అది దొరబాబుకు తప్పు దిద్దుకోవడానికి వచ్చిన అవకాశం. "తప్పయిపోయింది" అని ఉంటే, ఆ రోజున సింహాద్రి కొట్టేవాడో, ఏడ్చేవాడో. ఇద్దరూ కలిసి గార్డుగారి దగ్గరికైనా వెళ్ళేవారు. కానీ దొరబాబు భయపడ్డాడు.

"నేనెందుకంటానండి?" అన్నాడు, మడతపెడుతున్న శామియానా గుడ్డ మీంచి చూపు ఎత్తకుండా. "గదిలో అంతమంది ఉన్నారు. ఎవరన్నారో ఏమో!"

"మీరు కాకపోతే ఇంకెవరండి? గార్డుగారా?"

"ఎవరి నోరు ఎలాంటిదో మనకేం తెలుసండి?"

సింహాద్రి వెనక్కి తిరిగాడు. "ఔనండి. మనకేం తెలుసు" అని వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారం అతను మీటింగుకు రాలేదు. గార్డుగారు ఇంటికి వెళ్తే తలుపు తీయలేదు. లోపలి నుంచే, "మీకు చెప్పుకోవడమే నేను చేసిన తప్పండి. ఇక రాకండి" అన్నాడు. గార్డుగారు ఆ గొంతులో మత్తు గుర్తుపట్టాడు. అక్కడే అరుగు మీద చీకటిపడే దాకా కూర్చున్నాడు. తలుపు తెరుచుకోలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు వెళ్ళినా తెరుచుకోలేదు.

ఆరేళ్ళు మానేసిన మనిషి ఆరేళ్ళదీ ఒకేసారి తాగాడు. భాద్రపదం రాకముందే రక్తం కక్కుకుంటే పక్కింటివాళ్ళు ఆసుపత్రిలో చేర్చారు. తాయారుకు కబురు వెళ్ళింది. ఆమె వచ్చేసరికి అతనికి మనుషుల్ని గుర్తుపట్టే తెలివి లేదు. మర్నాడు పొద్దున్నే పోయాడు.

దొరబాబు దుకాణానికి ఫోను వచ్చింది. "సింహాద్రి పోయాడండి. వాన పడుతోంది. ఒక శామియానా, కుర్చీలు పంపించండి" అని ఎవరో అన్నారు.

కూలీలను పంపితే సరిపోయేది. దొరబాబు ఉండలేక తనే వెళ్ళాడు. బురదలో గుంజలు పాతాడు. తాళ్ళు బిగించాడు. పని అయ్యాక ఎటు పోవాలో తెలియక ఒక గుంజ పట్టుకుని నిలబడ్డాడు. మీటింగువాళ్ళు ఒక పక్కగా నిలబడి ఉన్నారు. వాళ్ళు ఒకరి వంక ఒకరు చూసుకోవడం లేదు. మాట బయటపెట్టింది తమలో ఎవరో అన్న అనుమానం అప్పటికే అందరి మధ్యా పాకింది.

తాయారు గుమ్మంలో కూర్చుని ఉంది. దొరబాబును చూసి, రమ్మని చేత్తో సైగ చేసింది.

"నూకాలు నాకు అంతా చెప్పింది" అంది. "పెళ్ళివారి పెరట్లో చెప్పింది మీరే కదా?"

మీటింగువాళ్ళు తలలు తిప్పి చూశారు. "ఔనమ్మా" అన్నాడు దొరబాబు.

"ఆయన తన నోటితో చెప్పుంటే తిట్టేదాన్ని. కొట్టేదాన్ని కూడా. పుట్టింటికీ పోయేదాన్ని. కానీ ఎన్నాళ్ళుంటాను? తిరిగొచ్చి మళ్ళీ అన్నం పెట్టేదాన్ని. ఆయనా నాలాగే పిల్లని పోగొట్టుకున్నవాడే కదా. ఈసారీ రావాలనే అనుకున్నాను. మాట మా పుట్టింటి ఊరికీ పాకింది, బజారుకి వెళ్తే ప్రతివాళ్ళూ నాకంటే ముందే తెలిసినట్టు చూస్తున్నారు. ఏ మొహం పెట్టుకుని రాను? ఇవాళా రేపా అనుకుంటుండగానే కబురొచ్చింది."

దొరబాబు ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"లేవండి" అంది తాయారు. "ఆయన చెప్పాల్సింది మీరు చెప్పేశారు. నేను ఆయనకి చెప్పాల్సింది ఇప్పుడు ఎవరికి చెప్పుకోను?"

ఆ పై ఆదివారం దొరబాబు మీటింగుకు వెళ్ళాడు. అందరి ముందూ జరిగింది జరిగినట్టు ఒప్పుకున్నాడు. సింహాద్రి అడిగినప్పుడు ఆడిన అబద్ధం కూడా చెప్పాడు. తిడతారనుకున్నాడు. వెళ్ళిపొమ్మంటారనుకున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు.

"తాగుడు మానాలనుకునే ఎవరికైనా ఈ తలుపు తెరిచే ఉంటుంది బాబూ" అన్నాడు గార్డుగారు. "నీకూ అంతే." ఆ తర్వాత పక్కనున్న మనిషి వైపు తిరిగి, "నువ్వు చెప్పు" అన్నాడు.

"ఈ రోజు వింటానండి" అన్నాడు ఆ మనిషి.

"నేనూ వింటానండి" అన్నాడు ఆ పక్కవాడు.

అలా వరుసగా అందరూ వింటామనే అన్నారు. చెప్పేవాడు మాత్రం లేడు. రేకుల మీద చినుకుల చప్పుడు ఒక్కటే వినిపించింది. గార్డుగారు టీ పోయడానికి లేచాడు.

తర్వాతి వారమూ అంతే. ఆ తర్వాత బెంచీలు ఒక్కొక్కటే ఖాళీ అవడం మొదలైంది. మార్కెట్ వీధి ఆయన రావడం మానేశాడు. కొన్నాళ్ళకి ఆయన మళ్ళీ బ్రాందీ షాపు ముందు కనిపించాడని తెలిసింది. తను ఆ గదిలో కూర్చున్నంత కాలం అక్కడ ఎవరూ నోరు విప్పరని దొరబాబుకు అర్థమైంది. అతనే అక్కడికి వెళ్ళడం మానుకున్నాడు. అలాగని ఒంటరిగా ఉంటే తాగుడు తనను బతకనివ్వదని కూడా అతనికి తెలుసు. అందుకని ఆదివారం సాయంత్రాలు రైలెక్కి రాజమండ్రిలో జరిగే ఇంకో మీటింగుకు వెళ్ళడం మొదలుపెట్టాడు. అక్కడ అతనెవరో ఎవరికీ తెలియదు. వెనక వరుసలో కూర్చుని వినేవాడు. ఇంటికొచ్చాక అనసూయ అన్నం పెట్టేది. అక్కడ విన్నది ఒక్కటీ అతను ఆమెకు చెప్పేవాడు కాదు.

తను తప్పుకుంటే తమ ఊరి గది మళ్ళీ నిండుతుందని దొరబాబు ఆశపడ్డాడు. చలికాలం వచ్చింది. ఆకాశం ఎప్పుడో తెరిపిచ్చింది. ఒక సోమవారం రైల్వే స్టేషన్లో, ప్లాట్‌ఫారం మీద గార్డుగారు ఒంటరిగా కూర్చుని కనిపించాడు. దొరబాబు వెళ్ళి కాస్త దూరంగా నిలబడ్డాడు.

"మీటింగు బాగా జరుగుతోందాండి?" అని అడిగాడు.

"తలుపు తీసి కూర్చుంటున్నాను" అన్నాడు గార్డుగారు. "ఒకరిద్దరు వస్తారు. ఒక్కోవారం నేనే ఉంటాను." "నిన్న ఒకతను కొత్తగా వచ్చాడు. వయసులో చిన్నవాడే. చేతులు బాగా వణుకుతున్నాయి. గుమ్మం అవతలే నిలబడి, 'ఇక్కడ చెప్పుకుంటే బయటికి వెళ్ళిపోతుందటగా అండీ' అని అడిగాడు. వెళ్ళదు బాబూ, లోపలికి రా అన్నాను. నా మొహంలోకి చూశాడు. నమ్మలేకపోయాడు. వెళ్ళిపోయాడు."

ఎవరతను, ఏ వీధి అని దొరబాబు నోటి దాకా వచ్చింది. పళ్ళు బిగబట్టి ఆగిపోయాడు. గార్డుగారు కూడా చెప్పలేదు. రైలు వచ్చింది. ముసలాయన కర్ర ఊతంగా లేచి, మెల్లగా పెట్టె ఎక్కాడు.

నమ్మి చెప్పుకున్న బాధ విన్నవాడి సొత్తు కాదు. దాన్ని బజారుకెక్కించినవాడు చెప్పుకున్న మనిషి ఒక్కణ్ణే కాదు, రేపు చెప్పుకుని బతకాల్సిన మనుషుల్ని కూడా ముంచుతాడు.